కుక్కపిల్లను కొనువారు దాని తాతను గూడ అడుగవలెను

సంచికి కట్టిన నీలి చీటీని చూడనిదే వరి విత్తనము కొనరాదని మేము ఏటేటా గ్రామసభలలో చెప్పుచున్నాము. రైతులు వినుచున్నారు. మూల విత్తనమునకు తెల్ల చీటీ, ధ్రువీకరించిన విత్తనమునకు నీలి చీటీ అని డెల్టాలో అరయెకరము చేయు కౌలు రైతు కూడ నేడు చెప్పగలడు. ఇన్ని మాటలు చెప్పెడి వ్యవసాయాధికారినైన నేనే, మూడేండ్ల క్రిందట పన్నెండు వేల రూపాయలు పోసి, ఏ చీటీయు అడుగకుండ ఒక ప్రాణిని కొంటిని. అది రాజపాళయము జాతి కుక్కపిల్ల. ఈ సంగతి వ్రాసికొనుట నాకు గొప్ప కాదు. అయినను చేపల చెరువు గట్లమీదను, కొబ్బరి తోటలలోను కావలికి జాతి కుక్కలను తెచ్చుకొను రైతులు మన జిల్లాలలో ఎక్కువగుచున్నారు గనుక, నా వంటి పొరపాటు మరియొకరు చేయకుందురు గాక అని వ్రాయుచున్నాను.

కోనసీమలో మా నాయనగారికి రెండెకరముల కొబ్బరి తోట కలదు. రాత్రులందు కాయలు పోవుచున్నవని ఆయన అనుచుండగా, ఒక పట్టణము వెలుపల కుక్కలను పెంచి అమ్మువాని యొద్దకు నేను వెళ్లితిని. పిల్ల చూడ ముచ్చటగా నుండెను. ఒడలెల్ల పాలవలె తెలుపు, ముక్కు గులాబి రంగు. తండ్రి బొమ్మను సెల్‌ఫోనులో చూపించెను. తల్లి వేరొక చోట నున్నదనెను. "రక్తమంతా ఇంటిదేనండీ, బయటిది చుక్క కలవలేదు, ఆయ్" అని అతడు చెప్పగా, నేను దానిని ఆ పిల్లకు గల యోగ్యతగా తలచి రూపాయలు లెక్కపెట్టితిని.

పిల్ల చక్కగా తినెను, పెరిగెను. రెండు నెలలైన పిమ్మట మా నాయనగారు నాతో, "ఒరేయ్ అబ్బాయ్, ఇది పిలిస్తే రాదు, చూస్తే వస్తుంది" అనిరి. నేను నవ్వితిని. ఆయన దాని వెనుకగా ఒక ఇత్తడి పళ్లెము గచ్చుమీద పడవేసిరి. పిల్ల నిద్ర లేవలేదు. పశువైద్యులు చూచి రెండు చెవులును పుట్టుకతోనే పోయినవనిరి. తోట కాపలాకు తెచ్చిన కుక్కకు చప్పుడే తెలియదు. ఏడవ నెలలో కాలువ గట్టు బాటమీద వెనుకకు నడుచుచున్న ట్రాక్టరు దానిని త్రొక్కివేసినది. ట్రాక్టరు నడపువాడు హారను కొట్టుచునే యుండెనట.

తరువాత నొకసారి ఆ దారిన పోవుచు, అమ్మినవానిని ఆ పిల్ల తల్లిదండ్రులను గూర్చి అడిగితిని. అతడు ఏమియు దాచలేదు. "ఒక్క ఈతలో పుట్టిన అన్నాచెల్లెళ్లేనండీ. అలా కలిపితేనే కదండీ తెలుపు నిలబడేది" అనెను. అతడు మోసగాడు కాడు. తాను చేసినది సరియైన పని యనియే అతని నమ్మకము. అందులో సగము నిజము కూడ కలదు. ఆ సగము నిజమే మనలను చెరచుచున్నది గనుక దానిని కొంత విప్పి చూడవలెను.

రాజపాళయము అనునది తమిళనాడులో విరుదునగరము జిల్లాలోని పట్టణము. అచ్చటి రాజులు తరతరముల క్రిందట ఆంధ్రదేశమునుండి వెళ్లినవారు, నేటికిని ఇంటిలో తెలుగు మాటలాడుదురు. వేటకును కాపలాకును పేరుపడిన ఈ తెల్లని కుక్క ఆ ఊరి పేరనే చెలామణి యగుచున్నది. 2005లో మన తపాలా శాఖ నాలుగు జాతుల కుక్కల బొమ్మలతో బిళ్లలు వేయగా అందులో ఇదియొకటి. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగములో స్వదేశపు కుక్కలను పెంచుడని చెప్పినప్పుడు దీని పేరును ఎత్తిరి. మంచి మాటయే. ఐతే గిరాకి ఒక్కసారి పెరిగినప్పుడు జాతి కుక్కలు ఒక్కసారి పెరుగవు. ఉన్న నాలుగు కుక్కలనే మరల మరల కలిపి పిల్లలను తీయుదురు.

ఇక చెవిటితనము మాట. ఒడలికి రంగు నిచ్చు కణములే లోచెవిలోను ఉండి వినికిడికి తోడ్పడును. మొత్తము తెల్లనైన కుక్కలలో కొన్నిటికి ఆ కణములు లోచెవిని చేరవు. అట్టి పిల్లకు పుట్టిన మూడు నాలుగు వారములలోనే వినికిడి పోవును. పైకి చెవి నిగనిగలాడుచునే యుండును. తెలుపును కోరుటలోనే కొంత అపాయమున్నదని దీనివలన తెలియుచున్నది. కనుక మా పిల్ల చెవిటితనమంతయు అన్నాచెల్లెళ్ల కలయిక వలననే వచ్చినదని నేను ప్రమాణము చేయజాలను. కాని ఒకే ఇంటి తెలుపును ఒకే ఇంటి తెలుపుతో కలిపినచో, దానితో కూడ వచ్చు లోపము ఇరుప్రక్కల నుండి వచ్చి కలిసికొనుటకు దారి తెరచినట్లే యగును.

ఆ దారి ఎట్టిదో ఒక చిన్న లెక్కతో చూపెదను. ప్రతి జంతువునకును ప్రతి లక్షణమునకు రెండేసి ప్రతులు ఉండును. తండ్రి నుండి ఒకటి, తల్లి నుండి ఒకటి. ఒక ప్రతి చెడినను రెండవది బాగున్నచో చాల లోపములు బయటపడవు. చూచుటకు కుక్క దిట్టముగానే యుండును. ఇట్లు దాగిన చెడ్డ ప్రతి ఒకటి మన కుక్కలో నున్నదనుకొనుడు. దాని పిల్లలలో సగమునకు అది చేరును. ఆ పిల్లలలో అన్నను చెల్లెలిని కలిపినచో, ఇద్దరికిని అది ఉండుటకు నాలుగింట ఒక పాలు అవకాశము. ఇద్దరికిని ఉన్నప్పుడు పుట్టు పిల్లలలో నాలుగింట ఒకదానికి రెండు ప్రతులును చెడినవే వచ్చును. అనగా పదునారింట ఒకటి. తండ్రినే కూతురితో కలిపినచో ఎనిమిదింట ఒకటి. అట్లుగాక, నూరింట ఒక కుక్కలో మాత్రమే ఆ లోపము దాగియున్న వేరొక వంశమునుండి జంటను తెచ్చినచో ఎనిమిది వందలకు ఒకటి. పదునారింట ఒకటి ఎక్కడ, ఎనిమిది వందలకు ఒకటి ఎక్కడ! దాగియుండు లోపము ఒక్కటే యని కూడ అనుకొనరాదు. ప్రతి కుక్కలోను, ప్రతి ఆవులోను, మనలోను అట్టివి కొన్ని ఉండనే యుండును.

ఈ దగ్గరితనమును కొలుచుటకు అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన సీవల్ రైట్ అను శాస్త్రజ్ఞుడు 1922లో ఒక కొలమానమును ఏర్పరచెను. తండ్రి కూతుళ్లకును, తోడబుట్టిన వారికిని పుట్టిన పిల్లకు నూటికి 25. తల్లి వేరై తండ్రి ఒక్కడైనచో 12.5. తాతకు మనుమరాలికి అంతే. మేనమామ మేనకోడళ్లకు గూడ 12.5, మేనరికపు బావామరదళ్లకు 6.25. మన ఇండ్లలోని పెండ్లిండ్లను గూర్చి తీర్పు చెప్పుటకు నేను పూనుకొనలేదు. దాని కొరకు వైద్యులున్నారు. పశువులలో ఒక మగది వందల పిల్లలకు తండ్రి కాగలదు, ఆ పిల్లలలో మరల అదే తిరుగగలదు అని మాత్రము గుర్తుంచుకొనుడు. ఏ మేనరికమును అంత దూరము పోదు.

ఇది చెప్పగా ఒక గ్రామములో ఒక పెద్ద రైతు లేచి, "మరి వరి సంగతేంటండీ? స్వర్ణ ఏళ్ల తరబడి తనతో తానే కలుస్తోంది కదా, దానికేం తెగులు రాలేదే" అని అడిగెను. ఆ ప్రశ్న నాకు చాల నచ్చినది. మార్టేరు నుండి 1982లో వచ్చిన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, నిజముగా తన పుప్పొడితో తానే ఫలించును. వరి వంశమంతయు వేల తరములుగా అట్లే చేయుచున్నది. రెండు చెడ్డ ప్రతులు కలిసిన మొక్క ఎప్పటికప్పుడు చచ్చిపోవుటచే ఆ చెడ్డది చాలవరకు ఏనాడో కడిగివేయబడినది. మొక్కజొన్న అట్టిది కాదు. అది గాలివాటున పరాయి పుప్పొడితో ఫలించును. అమెరికాలో షల్ అను శాస్త్రజ్ఞుడు 1908లో ప్రకటించిన పరిశోధనలలో, మొక్కజొన్నను తనతో తానే కలిపినకొలది మొక్క గిడసబారి కండె చిన్నదగుట కనబడినది. అట్టి గిడసబారిన రెండు వరుసలను కలుపగానే బలము తిరిగివచ్చెను. రబీలో మనవారు వేయు సంకర మొక్కజొన్న విత్తనము దాని ఫలమే. మన అంబాజీపేట పరిశోధనా స్థానమునుండి వచ్చిన గోదావరి గంగ కొబ్బరియు పొడవు రకమును గంగబొండమును కలిపి చేసినదే కదా. కుక్కయు, ఆవును, గేదెయు మొక్కజొన్న వంటివి. వరి వంటివి కావు.

ఇక అమ్మువాని సగము నిజము. ఇంగ్లండులో పదునెనిమిదవ శతాబ్దమున రాబర్టు బేక్‌వెల్ అను రైతు దగ్గర రక్తమును కలిపియే పేరుపడిన గొఱ్ఱెలను తయారుచేసెను. కాలింగ్ సోదరుల కామెట్ అను షార్ట్‌హారన్ ఆబోతునకు తండ్రి ఫేవరెట్ అనునది. ఆ తండ్రియే తన తల్లితో కలియగా పుట్టిన ఆవు కామెట్‌కు తల్లి. అట్టి ఆబోతు 1810లో వెయ్యి గినీలకు అమ్ముడుపోయినది. ఇది చూపి, దగ్గర కలయికయే జాతికి ప్రాణమని పెంపకందారులు అందురు. లక్షణములు స్థిరపడుట నిజము. అయితే ఆ పని చేసిన వారు తమకు నచ్చిన కొద్ది పిల్లలను ఉంచుకొని, తక్కినవానిని నిర్దాక్షిణ్యముగా తీసివేయుచుండిరి. నేటి కుక్కల వ్యాపారి దేనిని తీసివేయుచున్నాడు? ఈతలో పుట్టిన ఎనిమిదింటిని ఎనిమిది ఇండ్లకు అమ్ముచున్నాడు. ఏరివేయుట అను పని కొనినవాని ఇంటిలో, కొనినవాని ఖర్చుతో, కొనినవాని పిల్లల కన్నీళ్లతో జరుగుచున్నది. నా అభ్యంతరమంతయు ఇక్కడనే.

కుక్కల జాతులను వ్రాసి పెట్టుటలో అనుభవము గల దేశములే ఈ దెబ్బ తినినవి. ఇంగ్లండులో పగ్ అను చప్పిడి ముక్కు కుక్కలు పదివేలు ఉన్నను, వానిలోని వంశవైవిధ్యము యాభై కుక్కలకు సరిపోవునంతయే యని లండను శాస్త్రజ్ఞులు 2008లో తేల్చిరి. మరుసటి యేడు 2009 నుండి అచ్చటి కెన్నెల్ క్లబ్బు తండ్రి కూతుళ్లకును, తల్లి కొడుకులకును, తోడబుట్టిన వాటికిని పుట్టిన పిల్లలను తన పుస్తకములో వ్రాయుట మానినది. మచ్చల డాల్మేషియన్ జాతి యంతటికిని మూత్రములో రాళ్లు కట్టు లోపము స్థిరపడిపోగా, అమెరికాలో షైబుల్ అను శాస్త్రజ్ఞుడు 1973లో పాయింటర్ జాతి కుక్క నొకదానిని కలిపి ఆ లోపము లేని వరుసను సాధించెను. ఒక్క పరాయి కుక్క చాలినది. అట్టి కుక్కలను అచ్చటి క్లబ్బు ఒప్పుకొనుటకు మాత్రము 2011 వరకు పట్టినది! శుద్ధ రక్తము అను మాటకు గల పట్టు అంతటిది.

అట్లని సంకరము చేసినంత మాత్రమున అన్ని వ్యాధులు పోవునని ఎవరైన చెప్పినచో అదియు నమ్మవలదు. తుంటికీలు సడలు జబ్బు అల్సేషియన్‌లోను, లాబ్రడార్‌లోను కలదు. ఆ రెంటిని కలిపిన పిల్లకును అది రావచ్చును.

కొనబోవువారు మొదట తల్లిని కన్నులార చూడవలెను. తల్లి వేరొక చోట నున్నదన్నచో ఆ చోటికి పోవలెను, లేదా ఇంటికి పోవలెను. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వారి పత్రము ఉన్నచో చాలునని కొందరు తృప్తిపడుదురు. పత్రము వంశమును తెలుపునే గాని ఆ వంశము మంచిదని చెప్పదు. దానిని గోడకు కట్టుటకు ముందు చదువుడు. తండ్రి వైపు తాత ముత్తాతల పేర్లలో నున్న పేరు తల్లి వైపున కూడ కనబడినచో, అది ఎన్నవ తరములో కనబడుచున్నదో వ్రేళ్లమీద లెక్కించుడు. ముత్తాత ఒక్కడైనచో నేను పెద్దగా వెనుదీయను. తాత ఒక్కడైనచో బేరము మానుకొందును. పత్రము లేని పెంపకందారుని, ఈతకు ఎన్ని పిల్లలు పుట్టినవి, ఎన్ని దక్కినవి, మగది ఎక్కడిది అని అడుగవచ్చును. ఈతలు చిన్నవగుట, పిల్లలు పాలు పట్టక చచ్చుట దగ్గర రక్తమునకు తొలి గుర్తులలో చేరినవి. సమాధానము చెప్పుటకు విసుగుకొనువాని యొద్ద కొనకుడు. 2017లో కేంద్ర ప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము కుక్కల పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి యొద్ద నమోదు కావలెను, ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. నమోదు పత్రము అడుగుట మీ హక్కు.

తెల్లని పిల్లనైనచో చెవిని పరీక్షింపుడు. తక్కిన పిల్లలతో నున్నప్పుడు పరీక్షించుట వ్యర్థము. చెవిటి పిల్ల తోడి పిల్లలు లేచినప్పుడు లేచి, పరుగెత్తినప్పుడు పరుగెత్తును. నేను మోసపోయినది అక్కడనే. ఒక్కదానినే వేరుచేసి, నిద్రించుచుండగా, వెనుకనుండి తాళపు చెవుల గుత్తిని ఆడింపుడు. కాలితో నేలను తట్టకుడు, గాలి తగులనీయకుడు. ఒక చెవి మాత్రమే పోయినచో ఈ పరీక్షలో తెలియదు. అందులకు వేరే యంత్రము కావలెను.

గ్రామాధికారులకు గూడ ఇందులో పని కలదు. గ్రామములో ఒకే దున్నపోతు ఆరేడేండ్లు తిరిగినచో, కొన్నేండ్లకు దాని పడ్డలే దాని ముందుకు ఎదకు వచ్చును. ఎవరును కావలెనని చేసినది కాదు, ఎవరును లెక్క వ్రాయక జరుగునది. గేదెలు చూలు నిలువకుండుట, దూడలు బలహీనముగా పుట్టుట కనబడినప్పుడు మనము మేతను నిందింతుము, కొన్నిసార్లు దిష్టిని కూడ నిందింతుము. మూడేండ్లకొకసారి దూరపు గ్రామముతో పోతును మార్చుకొనుట ఖర్చులేని పని. కృత్రిమ గర్భధారణ చేయించువారు మరింత సులువుగా తప్పించుకొనవచ్చును. వీర్యపు గొట్టము మీద ఆబోతు నంబరు అచ్చువేసి యుండును. గోపాలమిత్ర వచ్చినప్పుడు ఆ నంబరును గోడ కాలెండరు మీదనైనను వ్రాయించుకొని, పడ్డ ఎదకు వచ్చిన నాడు అదే నంబరు గొట్టమును వద్దనుడు.

పుంగనూరు ఆవుదూడలను గూర్చియు ఒక మాట. చిత్తూరు సీమకు చెందిన ఈ పొట్టి జాతి ఒకప్పుడు అంతరించునట్లు తగ్గిపోగా, పలమనేరు పశు పరిశోధనా స్థానము దానిని కాపాడుచు వచ్చినది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట ఈ ఆవులకు మేత పెట్టిన బొమ్మలు పత్రికలలో వచ్చిన తరువాత మన గోదావరి తీరములో గూడ వీనిని అడుగువారు ఎక్కువైరి. పెంచి అమ్మువారును కలరు. ఎంత పొట్టిదైన అంత ధర యని బేరము నడచును, లక్షలు పలుకును. కొద్ది పశువులు గల జాతిలో పొట్టిదానిని పొట్టిదానితో కలుపుకొనుచు పోయినచో, దూడ పొట్టితనము జాతి లక్షణమో, దగ్గర రక్తమువలన గిడసబారుటయో కొనువానికి ఎట్లు తెలియును? లక్ష రూపాయలు పోయువాడు తండ్రి ఆబోతు ఎవరిదని అడుగుటకు మొగమాటపడరాదు. సంక్రాంతికి కోడిపుంజును కొనువాడు సైతము అది ఏ పెట్ట పిల్ల యని అడిగియే కొనును. పందెము చట్టవిరుద్ధము, దానిని నేను మెచ్చను. కాని ఆ ప్రశ్న సరియైన ప్రశ్న.

చెరువు గట్టుమీద కావలికే కుక్క కావలసినచో నా అభిప్రాయము వేరు. ఊర కుక్కకు తరతరములుగా ఎవరును జంటను ఏర్పరచలేదు. దానిలోని వంశవైవిధ్యము ఏ జాతి కుక్కలోను లేదు. మన ఎండకు, మన వానకు, మన దోమకు అలవాటు పడినది. పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించి, కడుపునిండ పెట్టినచో కావలికి అది చాలును. దానిని మెడ పట్టుకొని వీధిలోనికి త్రోసి, పన్నెండు వేలు పోసి పరాయి పిల్లను తెచ్చిన బుద్ధి నాది.

ఇప్పుడు మా తోటలో నున్నది మూడు మైళ్ల దూరపు లంక గ్రామములో పుట్టిన గోధుమరంగు పిల్ల. దాని తల్లిని మా నాయనగారే పోయి చూచివచ్చిరి. తండ్రి ఎవడో ఆ ఊరిలో ఎవరికిని తెలియదు. పిల్లను గంపలోనుండి దింపగానే, నేను తాళపుచెవులు తీయులోపలనే, ఆయన ఇత్తడి పళ్లెము తెచ్చి దాని వెనుక గచ్చుమీద పడవేసిరి. పిల్ల గంప క్రిందికి దూరి, సాయంకాలము వరకు బయటకు రాలేదు.